లాకులు, లస్కర్లు, కంప్యూటరు వల



కోనసీమనుండి యొక సోదరి గడచిన మాసమున నాకు జాబు వ్రాసినది. ఆమె భర్త కువైటులో నుద్యోగము చేయుచున్నారు. ఇంట ముసలి యత్తగారును, ఆమెయు, ఇద్దఱు బిడ్డలును. వీథిగుమ్మమున నొకటియు, లోపలి నడవలో నొకటియు కెమేరాలు పెట్టించిరి. ఆయన అక్కడనుండియే సెల్‌ఫోనులో ఇల్లు చూచుకొనుచుందురు. మొన్న పొరుగింటి పిల్లవాడు, "పిన్నీ, ఈ కెమేరాలో బాబాయిగారొక్కరే చూచుచున్నారని నమ్మకమేమి?" అని యడిగెనట. "ఆనాటినుండి నడవలో కూర్చుండి తల దువ్వుకొనుటకును జంకుచున్నాను. తీసివేయుద మన్న వారికి బెంగ. ఏమి చేయుదును?" అని యామె ప్రశ్న.

ఊరుగాయలు, బాలింతపథ్యములు, పద్యముల తాత్పర్యములు వ్రాయుచు వచ్చిన నాకు ఇట్టి జాబు రావలసినదేనా యని మీరు నవ్వవచ్చును. కాని గడచిన సంవత్సరము మా యింటివారు పనిచేయు పాఠశాలలో జరిగిన యుపద్రవమువలన ఈ విద్యను నేను కొంత నేర్వవలసి వచ్చినది. సమాధానము కొంచెము దూరమునుండి మొదలుపెట్టుదును, ఓపికతో వినుడు.

ఇంటర్నెట్టు మన గోదావరిసీమలో పల్లెపల్లెకును చేరి యెంతో కాలము కాలేదు. 2016 డిసెంబరు 29వ తేదీన కోనసీమలోని మోరి గ్రామమున ఫైబరునెట్టును ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును ఇంటికి వచ్చునన్న మా మామగారు నమ్మలేదు. మఱుసటి డిసెంబరులో రాష్ట్రపతి రామనాథ్ కోవిందుగారు దానిని రాష్ట్రమంతటికిని ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల వెంట సన్నని గాజుదారము సాగివచ్చి మన గుమ్మములలో దిగినది. నేడు చిన్న బడి, మందుల దుకాణము, రైసుమిల్లు, సహకార సంఘము వీనిలో నెక్కడ చూచినను పది యిరువది యంత్రములు ఒకే త్రాట ముడిపడియున్నవి. వీనినే చిన్న నెట్వర్కు లందురు. పెద్ద బ్యాంకులకు జీతములు పుచ్చుకొను కాపలావారు కలరు. వీనికి లేరు.

ఇక మా బడి సంగతి. ఊరిపేరును బడిపేరును చెప్పను. ఒకనాటి యుదయమున గుమాస్తా, పైయధికారులు పంపినట్లు కనబడిన యొక యీమెయిలును తెఱచి, దానితో వచ్చిన కాగితమును చూడబోయెను. మధ్యాహ్నమునకు కార్యాలయపు కంప్యూటరులోని దస్త్రములన్నిటికిని తాళము పడినది. సాయంకాలమునకు పిల్లల గదిలోని యిరువది కంప్యూటరులకును అదే తెగులు సోకినది. ధనమిచ్చిననే తాళము తీయుదుమని తెరమీద ఇంగ్లీషులో వ్రాత. దొంగలకు డబ్బీయగూడదని మా యింటివారు పట్టుపట్టిరి. ఇచ్చుటకు బడికి డబ్బును లేదనుకొనుడు. ఎనిమిదేండ్ల మార్కులును హాజరులును పోయినవి. పదునొకండు రాత్రులు మా సావడిలో పాత కాగితపు రిజిస్టరులు పఱచుకొని, నేను చదువుచుండగా వారును మఱి యిద్దఱు మాస్టరులును తిరుగ వ్రాసికొనిరి. రెండేండ్ల రిజిస్టరులను చెదలు తినివేసినవి.

ఆ రెండేండ్లలో చదివినవారిలో ఒక బాలికకు పాలిటెక్నిక్కులో చేరుటకు స్టడీ సర్టిఫికెట్టు కావలసియుండెను. వాళ్ళమ్మ మూడుమారులు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, మంచినీళ్ళు పుచ్చుకొని, మాటాడకయే లేచిపోయినది. పత్రము సిద్ధమగునప్పటికి గడువు దాటినది. ఆ పిల్ల ఆ సంవత్సరము ఇంటనే యుండెను. కంప్యూటరు జబ్బు కంప్యూటరునకే యనుకొనువారికి ఈ మాట చెప్పుచున్నాను.

ఇట్టి యవస్థ మాకొక్కరికే కలుగలేదు. 2017 మేనెలలో వన్నాక్రై అను రోగము నూటయేబది దేశములకు ప్రాకినప్పుడు మన రాష్ట్ర పోలీసుశాఖ కంప్యూటరులును కొన్ని దాని వాతబడినవి. దానికి మందు ఆ మార్చిలోనే మైక్రోసాఫ్టువారు ఇచ్చియుండిరి, వేసికొననివారు పడిరి. అది యొక కంప్యూటరులో ప్రవేశించి, ప్రక్కనున్న కంప్యూటరు తలుపు తట్టి, అందుండి మఱియొకదానికి దాటుచు పోయెను. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి యంత్రములు ఇట్లే తాళము పడగా, రెండు వారములపాటు చీటీలన్నియు చేతితో వ్రాసిరి. కారణమేమని రాజ్యసభలో అడుగగా, అక్కడి నెట్వర్కును తగినట్లు విభాగములుగా వేఱుచేయకపోవుటయే యని కేంద్రప్రభుత్వము సమాధానము చెప్పినది. అంతటి యాసుపత్రికిని మా పల్లెబడికిని దోషమొక్కటే: ఇంటికి గుమ్మమున్నది, గదులకు తలుపులు లేవు.

ఈ మాట నాకు మొదట చెప్పినవాడు మా తమ్ముడు. హైదరాబాదులో ఇంజనీరు, సంక్రాంతికి వచ్చినప్పుడు బావగారి మొగము చూచి బడికి పోయి పరీక్షించి వచ్చెను. "అక్కా, గుమ్మమున ఫైర్‌వాలు పెట్టినారు. లోపల ఎవరెవరితో మాటాడుచున్నారో చూచు దిక్కు లేదు" అనెను. నాకు వెంటనే లంకిణి తోచినది. ఆమె లంక గుమ్మము కాచినది. ఆ యొక్క గుమ్మము దాటిన పిదప హనుమ పానశాలలు, అంతఃపురములు, పుష్పకము, తుదకు అశోకవనము ఎన్ని తిరిగెను! అడ్డగించిన వారెవరు? స్వామిని దొంగతో పోల్చుట యపచారమే, ఉపమానమునకై మన్నించుగాక.

అట్లయిన గదికొక తలుపు పెట్టిన చాలదా యంటిని. "పెట్టవచ్చును. పూర్వమునుండియు పెట్టుచునే యున్నారు. కాని ప్రతి తలుపునకును వేఱువేఱు తాళపుచెవి, వేఱువేఱు కాపలావాడు. ఒకడు కన్నది యొకడెఱుగడు. రాత్రివేళ దొంగ పడిన అన్ని తలుపులును ఒక్కమాఱు మూయువాడు లేడు" అని, వాడు క్రొత్త పద్ధతి యొకటి చెప్పెను. సాఫ్టువేరు డిఫైన్డు నెట్వర్కింగు అని దాని పేరు. పేరు నోరు తిరుగదు గాని, మన డెల్టావారికి ఇంతకంటె సులభముగా తెలియునది వేఱొకటి యుండదు.

ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలిడి 1852నాటికి కాటను దొరగారు కట్టించిరి. ఇప్పుడు దాని స్థానమున 175 గేట్ల బ్యారేజి యున్నది. అందుండి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు మూడుపాయలుగా దిగి, కాలువలై, పిల్లకాలువలై, బోదెలై మన చేలలో ప్రవేశించును. దారిపొడుగునను లాకులు, తూములు. ప్రతి లాకుకడను లస్కరు. ఏ కాలువకు ఎంత నీరు విడువవలెనో లస్కరు నిర్ణయింపడు. అన్ని కాలువల లెక్కయు ఎదుట పెట్టుకొని ఇంజనీరుగారి కార్యాలయము నిర్ణయించును. లస్కరు తలుపెత్తును, దింపును. నీరు తక్కువైన యేట వంతులు వేయవలసివచ్చిన, లాకులను పగులగొట్టి క్రొత్తవి కట్టనక్కఱలేదు. ఉత్తరువు మార్చిన చాలును. ఏ లస్కరునకు ఆ లస్కరే ఇంజనీరై, తన చుట్టుపట్ల చేలను మాత్రమే చూచి తలుపులెత్తుచున్నచో శివారు రైతు గతి యేమగునో చెప్పనక్కఱలేదు గదా. పాత నెట్వర్కులు అట్టివే. స్విచ్చి, రౌటరు అను ప్రతిపెట్టెయు లస్కరు పనియు ఇంజనీరు పనియు తానే చేయును. క్రొత్త పద్ధతిలో నిర్ణయించుట వేఱు, తలుపెత్తుట వేఱు. నిర్ణయించు సాఫ్టువేరు ఒకచోట కూర్చుండును. దానిని కంట్రోలరు అందురు. పెట్టెలు ఆజ్ఞ చొప్పున మూటలను పంపుటయో ఆపుటయో చేయును. తానెఱుగని మూట వచ్చిన, "దీని నేమి చేయుదును?" అని కంట్రోలరు నడుగును.

ఈ పద్ధతి అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రూపొందినది. 2007లో మార్టిన్ కసాడో మొదలగువారు ఎథేన్ అను ఏర్పాటును ప్రకటించి, తమ విశ్వవిద్యాలయమున మూడువందలకు పైగా యంత్రములపై దానిని నడిపి చూపిరి. ఎవరు ఎవరితో మాటాడవచ్చునో ఒకేచోట వ్రాసిపెట్టుటయే వారి యుద్దేశము. అనగా ఈ విద్య రక్షణకొఱకే పుట్టిన దన్నమాట. మఱుసటియేట ఓపెన్‌ఫ్లో అను భాష వచ్చినది. కంట్రోలరు స్విచ్చితో మాటాడునది ఆ భాషలోనే. తరువాత గూగులువంటి పెద్ద సంస్థలు దీనిని తమ యవసరములకు వాడుకొనినవి. చిన్నవారికి పనికివచ్చునను మాట ఎవరికిని తోచలేదనుకొనవద్దు. 2010లోనే నిక్ ఫీమ్‌స్టర్ అను పండితుడు, గృహస్థులు తమ నెట్వర్కును తాము కాచుకొనలేరు గనుక ఆ భారమును దూరమునున్న నిపుణులకు ఒప్పగించుటకు ఈ పద్ధతి యనువైనదని వ్రాసెను. అది నాకంతగా నచ్చలేదు. నచ్చకపోవుటకు కారణము తరువాత చెప్పుదును.

మా తమ్ముడు బడిలో చేసినది పెద్దపని కాదు. మూలబడిన పాత కంప్యూటరు నొకదానిని కంట్రోలరుగా నిలిపెను. ఓపెన్ విస్విచ్ అను సాఫ్టువేరు ఉచితముగా దొరకును; దానిని నడుపగల రౌటరు నొకదానిని, మఱియొక పాత యంత్రమును స్విచ్చులుగా అమర్చెను. పిమ్మట ఉత్తరువులు. కెమేరాలు తమ దృశ్యములను దాచు పెట్టెతో తప్ప మఱెవరితోను మాటాడరాదు. పిల్లల కంప్యూటరులు బయటి పాఠములను చూడవచ్చును గాని, ఒకదాని తలుపు నొకటి తట్టరాదు. మార్కులున్న యంత్రముతో కార్యాలయపు కంప్యూటరొక్కటే మాటాడవలెను. వచ్చిపోవువారి సెల్‌ఫోనులు వీథియరుగుమీదనే, లోపలికి రాకూడదు. తెలియని వస్తువేది త్రాడు తగిలించుకొన్నను అరుగుమీదనే యుండును.

ఇందులో నాకు మిక్కిలి నచ్చినది హెచ్చరికల యేర్పాటు. ధవళేశ్వరమున గోదావరి 11.75 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 13.75 చేరిన రెండవది, 17.75 చేరిన మూడవది గదా. స్విచ్చి ప్రతి యుత్తరువుక్రిందను ఎన్ని మూటలు పోయినవో లెక్క వ్రాసికొనుచుండును. కంట్రోలరు ఆ లెక్క నడుగుచుండును. ఒక కంప్యూటరు ఉన్నట్లుండి కొన్ని క్షణములలోనే పదిమందిని క్రొత్తగా పలుకరింపబోయిన మొదటి హెచ్చరిక. ఇంకను మించిన దాని వేగము తగ్గించును. అంతకును మించిన దానినొక్కదానినే వేఱు గదిలో పెట్టును. అమ్మవారు పోసిన బిడ్డను వేపమండలు కట్టి వేఱుగా పరుండబెట్టినట్లు. తక్కిన యిల్లు వంటలు వండుకొనవచ్చును, బడి నడుచుకొనవచ్చును. గుమాస్తా మరల నొక పాడు కాగితమును తెఱచినను ఆ కంప్యూటరొక్కటే పోవును గాని పిల్లల మార్కులు పోవు. అన్ని దాడులును ఆగునని కాదు. ఒకచోట అంటుకొన్న నిప్పు వీథియంతయు కాల్పదు.

తమ్ముడు హైదరాబాదునకు పోయినప్పుడు, ఈ యుత్తరువులను చూచుకొనువారెవరని ప్రశ్న వచ్చినది. మాస్టరులకు తీరిక లేదు. "అక్క చూచుకొనునులే" అని వాడు వేళాకోళముగా అనెను. ఉత్తరువుల పుటను నా చేతికిచ్చినప్పుడు భయపడితిని గాని, చదువగా అది నేనెఱిగిన శాస్త్రమే! ముందు సామాన్యసూత్రము: అందఱిని ఆపుము. దానిపై విశేషసూత్రము: ఫలానా యంత్రమును ఫలానావానితో మాటాడనిమ్ము. రెండును తగిలినచోట ప్రాధాన్యము హెచ్చుగా గలదే నిలుచును. ఉత్సర్గమును అపవాదము బాధించునని మా తండ్రిగారు వీపుమీద చఱచి నేర్పినదే గదా. బాలవ్యాకరణమున సంధుల సూత్రములతో కుస్తీపట్టిన మీబోంట్లకు ఈ కంట్రోలరు ఒక లెక్క కాదు.

అయినను గర్వము తగదని తెలిసివచ్చినది. ఒకనాడు క్రొత్త సూత్రమును చేర్చుచు ప్రాధాన్యపు అంకెలను తాఱుమాఱు చేసితిని. మఱునాటి యుదయమున "అందఱిని ఆపుము" అనునదే అన్నిటికంటె పైకెక్కి కూర్చున్నది. బడిలోని వైఫైమీద మాస్టరుల హాజరు పడుట మానినది. హెడ్మాస్టరుగారు ప్రహరీగోడ ప్రక్కన సెల్‌ఫోను ఆకాశమునకెత్తి తిరుగుచుండగా, మా యింటివారు పరుగున వచ్చి, "నీ వ్యాకరణము మా జీతములను మ్రింగునట్లున్నది" అనిరి. అప్పటినుండి మార్చినదానిని రెండుమారులు సరిచూచి, పాతప్రతి నొకటి దాచుకొనుచున్నాను.

దోషములును చెప్పవలెను. అన్ని తలుపుల బుద్ధియు ఒకచోట నున్నప్పుడు దొంగ దృష్టియు అక్కడికే పోవును. ఇంజనీరుగారి గద్దెమీద శత్రువే కూర్చుండిన లస్కర్లు వానికే విధేయులగుదురు. కావున కంట్రోలరును తక్కిన యంత్రములకు అందని విడి త్రాటిమీద పెట్టవలెను. దానిమీద ఈమెయిలు చూడరాదు, ఆటలాడరాదు. ఎఱుగని మూటలను వేలకొలది విసరి, స్విచ్చిచే మాటిమాటికి ప్రశ్నలడిగించి, కంట్రోలరును ఉక్కిరిబిక్కిరి చేయు దుర్మార్గమును కలదు. అందుచే ముఖ్యమైన యుత్తరువులను ముందే స్విచ్చికి ఇచ్చియుంచవలెను. ఇక వేసవిలో కరెంటు పోయినప్పుడు? కంట్రోలరు పలుకకున్నచో స్విచ్చి తన యిష్టము వచ్చినట్లు అందఱిని పోనిచ్చుట ఒక పద్ధతి. కడపటి యాజ్ఞలకు కట్టుబడి, క్రొత్తగా ఎవరిని పోనీయకుండుట మఱియొకటి. మేము రెండవదానిని ఎన్నుకొంటిమి. స్విచ్చియు ఆరిపోయి వెలిగిన, కంట్రోలరు లేచువఱకు బడిలో ఏదియు కదలదు. మాస్టరులు విసుగుకొందురు. విసుగుకొననిండు.

వెలుపలినుండి వఱదవలె వచ్చిపడు దాడిని మాత్రము ఈ చిన్న లాకులు ఆపలేవు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు కోనసీమలోని లాకుతలుపు వేసి యేమి ప్రయోజనము? మన త్రాడంతయు నిండిన పిదప లోపల ఎంత నేర్పున్నను లాభము లేదు. పైన ఇంటర్నెట్టు ఇచ్చువారే దానిని మళ్ళింపవలెను. ఫోనులో మాయమాటలు చెప్పి ఓటీపీ అడుగువానిని ఆపు స్విచ్చియును ఇంకను పుట్టలేదు.

ఇక కోనసీమ సోదరికి నా సమాధానము. అమ్మా, నీ యింటికి కంట్రోలరు అక్కఱలేదు. మూడు నాలుగు వస్తువుల కొంపకు అంత యేర్పాటు బరువు. కాని నీ జంకు అకారణము కాదు. 2016లో మిరాయ్ అను దుష్టసాఫ్టువేరు, కెమేరాలు రౌటరులు కర్మాగారమునుండి వచ్చునప్పుడుండు పేర్లు పాస్‌వర్డులు అరువదింటిని మాత్రమే తెలిసికొని, లక్షలకొలది యిండ్లలో జొరబడినది. ఆ యక్టోబరు 21న అట్టివానిలో ననేకమును ఒక్కమాఱు ఉసికొల్పగా అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైటులు మూతపడినవి. మిరాయ్‌ను పుట్టించినది ముగ్గురు యువకులు. మన రాజమహేంద్రిలో నన్నయగారు తెనిగించిన యాదిపర్వములోని లక్కయిల్లు తలచుకొనుము. చూచుటకు ముచ్చటైన యిల్లే. కట్టినవానికి మాత్రము దాని గుట్టు తెలియును. మార్చని పాస్‌వర్డు అట్టిది.

కావున నీ రౌటరులో అతిథులకని వేఱు వైఫై పెట్టుకొను వీలున్నదేమో అమర్చినవానిని పిలిచి యడుగుము. కెమేరాలను అందులో చేర్చి, నీ సెల్‌ఫోనును, పిల్లల కంప్యూటరును వేఱుదానిలో నుంచుము. నడుమ తలుపు పడును. కెమేరా పాస్‌వర్డును, రౌటరు పాస్‌వర్డును నీవే నీచేతితో మార్చుము. అమర్చినవాడు చెప్పిన యంకెలను ఉంచవద్దు. ఆ పాస్‌వర్డు నీకును తెలియవలెను, కువైటులోని వారికొక్కరికే కాదు. పైన ఫీమ్‌స్టరుగారి సూచన నచ్చలేదంటిని గదా, కారణమిదియే. దూరమున నున్నవా రెంత నిపుణులైనను, ఎంత యాప్తులైనను, ఇంట నున్నవారికి తెలియని తాళపుచెవి ఇంటిని కాచునది కాదు. వస్తువును చేసినవారే, "మా కెమేరా ఫలానావారితో మాత్రమే మాటాడును" అని పత్రము ప్రకటించు పద్ధతియు 2019లో ఏర్పడినది. మా యూరి దుకాణములో అట్టి పత్రము గలదా యని యడిగితిని. అతడు బిల్లు కావలెనేమో యనుకొని తీసియిచ్చెను.

నడవలోని దానిని వీథివైపునకు త్రిప్పించుము. వాకిలియు, గేటును, వచ్చిపోవువారును కనబడిన వారి బెంగ తీరును. ఒప్పుకొననిచో ఈ పుటను చదివి వినిపింపుము. అప్పటికిని ఒప్పుకొననిచో మరల జాబు వ్రాయుము.